పాటలా, ప్రయాణమా, ఊరికే ఇంట్లో ఉండడమా: తీరికలేని ఇద్దరికి ఏది నప్పుతుంది

శుక్రవారం సాయంత్రం ఏడున్నర. ఒకరు ఇంకా ల్యాప్‌టాప్ మూయలేదు. ఇంకొకరు సోఫాలో కూలబడి ఫోన్ చూస్తున్నారు. “రేపు ఎక్కడికైనా వెళ్దామా?” “నీ ఇష్టం.” “నాదేముంది, నువ్వే చెప్పు.” ముప్పావుగంట ఇలాగే గడుస్తుంది. చివరికి ఏదో సినిమా పెట్టుకుంటారు. సగంలో ఒకరు నిద్రపోతారు, రెండోవాళ్లు మిగతా సగం ఒంటరిగా చూస్తారు.

మా ఇంట్లో ఈ సీను ఏళ్ల తరబడి నడిచింది. “ఏది బాగుంటుంది?” అని అడిగినంత కాలం ఏమీ తేలలేదు. ఎందుకు తేలుతుంది, అన్నీ బాగానే ఉంటాయి కదా! కొండెక్కితే బాగుంటుంది, కచేరీకి వెళ్తే బాగుంటుంది, పాటలు పెట్టుకుని కళ్లు మూసుకుని పడుకున్నా బాగుంటుంది. “దీని ఏర్పాట్లు ఎవరి నెత్తిన పడతాయి?” అని అడగడం మొదలుపెట్టాకే మాకు దారి కనిపించింది. కింద రాసిందంతా ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని చేసిన పోలికే.

ముందు రెండు లెక్కలు

ప్రతి సరదాకీ ముందూ వెనకా కొంత చాకిరీ ఉంటుంది. టికెట్లు వెతకాలి, బ్యాగు సర్దాలి, తాళం వేసే ముందు పది పనులు చూసుకోవాలి, తిరిగొచ్చాక బట్టలు ఉతుక్కోవాలి. ఈ చాకిరీని లెక్కలో వేయకుండా పోలిస్తే ప్రతిసారీ పెద్ద ట్రిప్పే గెలుస్తుంది. వేస్తే చాలాసార్లు ఓడిపోతుంది. ఆరు గంటల సరదాకి ఆరు గంటల చాకిరీ పట్టిందనుకోండి, అదంతా ఒక్కరే చేశారనుకోండి. రెండోవాళ్లకి అది సెలవు. ఆ ఒక్కరికి మాత్రం ఇంకో ఉద్యోగం. పైగా చేసినవాళ్లు నోరు తెరిచి ఆ మాట అనరు, ఆదివారం రాత్రి చిన్న విషయానికి చిరాకు పడతారు, అంతే.

రెండో లెక్క, ఈ వారం మీకు దేని కొరత వచ్చిందో చూసుకోవడం. పని తర్వాత మనిషి ఎలా తేరుకుంటాడన్న దాని మీద సబీనె సొన్నెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ అనే పరిశోధకులు 2007లో ఒక కొలమానం తయారు చేశారు. అందులో నాలుగు అంశాలున్నాయి. పని గురించిన ఆలోచన పూర్తిగా తెగిపోవడం, ఒళ్లూ మనసూ సేద తీరడం, కొత్తది ఏదైనా నేర్చుకోవడం, మన టైమ్ మన చేతుల్లో ఉండడం. నాకిది బాగా పనికొచ్చింది. అలిసిపోయానని మనం అనే మాట వెనక నాలుగు వేర్వేరు కొరతలు ఉండొచ్చు. వారమంతా మీటింగుల్లో ఇతరుల మాట ప్రకారం నడిచినవాళ్లకి గంటగంటకీ ప్లాన్ ఉన్న ట్రిప్పు ఇస్తే నచ్చదు, అక్కడా మళ్లీ టైమ్‌టేబులే కాబట్టి. వారమంతా ఒకే పని చేసి విసుగెత్తినవాళ్లని ఇంట్లో పడుకోమంటే ఇంకా నీరసపడతారు. ఇద్దరి కొరతా ఒకటే అయి ఉండాలని ఎక్కడా లేదు. గొడవ మొదలయ్యేది చాలావరకు ఇక్కడే.

ఇంట్లో పాటలు: స్పీకరా, హెడ్‌ఫోన్సా

ఏర్పాట్ల లెక్కలో పాటని మించింది లేదు. లేచి వెళ్లాల్సిన పని లేదు, సర్దాల్సిన పని లేదు. అందుకే తీరికలేని జంటకి నేను మొదట చెప్పేది ఇదే. కాకపోతే “పాటలు వినడం” అనేది ఒకటి కాదు, రెండు. కలిసి వినడం వేరు, ఒకే గదిలో ఎవరిది వాళ్లు వినడం వేరు.

1979లో సోనీ తొలి వాక్‌మన్ అమ్మకానికి పెట్టినప్పుడు దానికి హెడ్‌ఫోన్లు పెట్టుకునే రంధ్రాలు రెండు ఉండేవి. ఒకే క్యాసెట్ ఇద్దరూ వినొచ్చు. మధ్యలో మాట్లాడుకోవాలంటే నారింజ రంగు బటన్ ఒకటి నొక్కితే పాట తగ్గి, లోపలి మైకులోంచి పక్కవాళ్ల మాట వినిపించేది. ఒంటరిగా వినడానికి పేరుబడ్డ ఆ పెట్టె పుట్టినప్పుడు ఇద్దరి కోసం ఆలోచించిందన్నమాట. ఇప్పుడు బ్లూటూత్‌లో ఒకే ఫోన్ నుంచి రెండు జతల హెడ్‌ఫోన్లకి పాట పంపే సౌకర్యం చాలా ఫోన్లలో ఉంది. ఆరాకాస్ట్ అనే కొత్త పద్ధతిలోనైతే ఒకే ప్రసారాన్ని ఎంతమందైనా పట్టుకోవచ్చు. బస్సులోనో రైల్లోనో పక్కపక్కన కూర్చున్నప్పుడు ఇది మంచి ఎంపిక. చెరొక ఇయర్‌బడ్ పంచుకోవడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, స్టీరియోలో సగం సంగీతం ఒకరికి, సగం ఇంకొకరికి పోతుంది. తప్పదనుకుంటే సెట్టింగుల్లో మోనో, అంటే రెండు చెవులకీ ఒకే శబ్దం పంపే పద్ధతి, ఆన్ చేసుకోండి.

ఇంట్లో కలిసి వినాలంటే మాత్రం స్పీకరే. ఇక్కడ కొనేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రెండు స్పీకర్ల స్టీరియో సరిగ్గా వినాలంటే రెండు స్పీకర్లూ, వినే మనిషీ కలిసి సమబాహు త్రిభుజంలా ఉండాలి. అంటే ఆ మంచి చోటు ఒక్కరికే! రెండోవాళ్లు పక్కకి కూర్చుంటే దగ్గరున్న స్పీకరే వినిపిస్తుంది, గాయకుడు ఆ మూలకి జరిగిపోయినట్టు ఉంటుంది. దీనికి చిన్న చిట్కా ఉంది. స్పీకర్ల ముఖాలు రెండూ మీ ఇద్దరికీ కొంచెం ముందరే ఒకదాన్నొకటి దాటేలా లోపలికి తిప్పండి. కుడి వైపు కూర్చున్నవాళ్లకి ఎడమ స్పీకర్ సూటిగా వినిపిస్తుంది, దగ్గరున్న కుడి స్పీకర్ ముఖం పక్కకి ఉంటుంది కాబట్టి దాని జోరు తగ్గుతుంది. ఇద్దరికీ పాట దాదాపు మధ్యలోనే నిలబడుతుంది. ఇంత తంటా ఎందుకనుకుంటే ఒక్కటే మంచి స్పీకర్ కొనుక్కోండి. పని చేసుకుంటూ గదిలో అటూ ఇటూ తిరిగే ఇద్దరికి ఖరీదైన జత కంటే అదే మేలు. నా ఓటు కూడా దానికే.

హెడ్‌ఫోన్లు ఎప్పుడు? ఒకరికి నిద్ర వస్తున్నప్పుడు, ఇద్దరి అభిరుచీ నిజంగా వేరైనప్పుడు, లేదా ఒకరికి ఆ రోజు మనుషుల గొంతు వినబుద్ధి కానప్పుడు. నాయిస్ క్యాన్సలింగ్ గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఫ్యాను, ఇంజను లాంటి ఒకే తీరు బొంగురు శబ్దాన్ని అది బాగా మింగేస్తుంది, మాటల్ని అంతగా ఆపలేదు. పక్కగదిలో ఫోన్ మాట్లాడుతున్న భాగస్వామి గొంతు మీకు వినిపిస్తూనే ఉంటుంది. అయినా దాని వల్ల ఇంకో లాభం ఉంది. చుట్టూ రొద తగ్గితే వాల్యూమ్ పెంచాల్సిన అవసరం తగ్గుతుంది. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 90కి పెంచితే 4 గంటలే. పది డెసిబెల్స్ అంటే శబ్దశక్తి పది రెట్లు కాబట్టి టైమ్ పదో వంతుకి పడిపోతుంది. రోజంతా కాల్స్‌కి వాడిన చెవులకే సాయంత్రం పాటలూ పెడుతున్నారని గుర్తుంచుకోండి.

ఒక పక్కమాట. మేము ఈమధ్య పాత తరహా ఎల్పీ రికార్డులకి మళ్లాం. శబ్దం గొప్పగా ఉంటుందని కాదు, ఆ వాదనలోకి నేను దిగను. 1948లో వచ్చిన ఈ రికార్డుకి ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైచిలుకు మాత్రమే పాట పడుతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు లేచి తిప్పాలి. స్ట్రీమింగ్‌లో పాటలు అయిపోవు, తర్వాతి పాట ఏది పెట్టాలన్న తగువూ అయిపోదు. రికార్డులో రెండూ అయిపోతాయి. పనుల మధ్య ఇరుక్కున్నవాళ్లకి “ఈ వైపు అయ్యేదాకా ఫోన్లు ముట్టుకోం” అనుకోవడం సులువు. రికార్డు ప్లేయర్ కొనక్కర్లేదు, ఏ ఆల్బమ్ అయినా షఫుల్ లేకుండా మొదటి నుంచి చివరిదాకా పెట్టినా చాలావరకు అదే ఫలితం.

వినడం చాలదనిపిస్తే వాయించడం

విసుగు మీ సమస్య అయితే, అలసట కాకపోతే, కలిసి ఒక వాయిద్యం నేర్చుకోవడం గురించి ఆలోచించండి. కొత్తవాళ్లకి గిటార్ కంటే, చిన్న గిటార్‌లా ఉండే యుకలేలే తేలిక. నాలుగే తీగలు, అవీ నైలానువి, వేళ్లు అంతగా నొప్పి పుట్టవు. సీ కార్డ్‌కి (కార్డ్ అంటే కలిపి మోగించే కొన్ని స్వరాలు) ఒక్క వేలు చాలు. గిటార్‌లో ఆరు స్టీలు తీగలతో మొదటి నెల వేలికొనలు మండుతాయి, అక్కడే చాలామంది మూలన పెట్టేస్తారు. కీబోర్డ్‌కి ఇంకో సుగుణం ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అర్ధరాత్రి వాయించినా పక్కవాళ్ల నిద్ర చెడదు. అయితే తీగ ఉన్న హెడ్‌ఫోన్సే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం మామూలుగా సెకనులో పదో వంతుకి పైగా ఆలస్యంగా వస్తుంది. పాట వినడానికి అది తెలియదు. మీట నొక్కిన వేలికి మాత్రం వెంటనే తెలిసిపోతుంది, తాళం తప్పుతుంది.

ఒకరికి ఇంతకుముందే వచ్చు, ఇంకొకరికి రాదు అనుకోండి. అప్పుడు వచ్చినవాళ్లు గురువుగా మారకపోతే మంచిది. నేను మారాను. మూడు వారాలు నిలిచింది ఆ క్లాసు. ఇద్దరికీ రానిది ఎంచుకోవడమే క్షేమం.

కచేరీ, సినిమా

లైవ్ కచేరీకి సాటి లేని గుణం ఒకటే. ఆ రెండు గంటలూ పని గుర్తుకురాదు, గుర్తుచేసుకుందామన్నా కుదరదు. ఏర్పాట్లు మాత్రం మధ్యస్థం: టికెట్లు, ప్రయాణం, పార్కింగ్, అర్ధరాత్రి తిరుగు ప్రయాణం. మర్నాడు పొద్దున్నే ఆఫీసు ఉన్న రోజు ఎంచుకుంటే వచ్చిన ఆనందం అక్కడికక్కడే చెల్లు. వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. అది పైమెట్టు, హాయిగా వినే స్థాయి అనుకోవద్దు. స్పీకర్లకి దూరంగా సీటు తీసుకోండి, చిన్న ఇయర్‌ప్లగ్స్ జేబులో వేసుకోండి. కచేరీ అంటే నచ్చనివాళ్లలో కొందరికి నిజంగా నచ్చనిది రొదే. ఇయర్‌ప్లగ్స్ ఇచ్చాక మా ఇంట్లో ఓటు మారింది.

ఇంట్లో సినిమా, సిరీస్ సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. ఏర్పాట్లు శూన్యం, అలిసినప్పుడు సరిపోతుంది. వారంలో నాలుగు సాయంత్రాలూ అదే అయితే మాత్రం ఇద్దరూ ఒకే సోఫా మీద వేర్వేరుగా ఉన్నట్టే.

ఒక రాత్రి, రెండు రాత్రులు, పది రోజులు

“శనివారం వెళ్లి ఆదివారం వచ్చేద్దాం” అనేది తీరికలేనివాళ్ల ఇష్టమైన ప్లాన్. దీని మీద నాకు అనుమానం ఎక్కువ. కొత్తచోట మొదటి రాత్రి సరిగా నిద్ర పట్టదని అందరికీ అనుభవమే. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో దీని కారణం చూపించారు. కొత్తచోట మొదటి రాత్రి గాఢనిద్రలో కూడా మెదడులో ఒక సగం, వాళ్ల ప్రయోగంలో ఎడమ సగం, కొంత మెలకువగా కాపలా కాస్తుంది. చిన్న చప్పుడుకే లేపుతుంది. అంటే ఒక్క రాత్రి ట్రిప్పులో మీరు పడుకునేది ఆ కాపలా రాత్రే, స్థిమితంగా నిద్రపోయే రాత్రి వచ్చేలోపు ఇంటికి బయల్దేరతారు. నిద్ర కోసం వెళ్లేవాళ్లకి ఒక రాత్రి దండగ. రెండు రాత్రులు కుదిరితే వెళ్లండి, లేదంటే పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికొచ్చే ట్రిప్పు చేయండి. సొంత మంచం మీద పడుకుంటారు, బ్యాగు కూడా సర్దక్కర్లేదు. వెళ్లిన చోటికే మళ్లీ వెళ్లడం కూడా మంచి ఉపాయం. తెలిసిన చోటైతే మెదడుకీ కాపలా పని తగ్గుతుందేమో అని నా ఊహ. ఏది ఎక్కడుందో వెతుక్కునే పనైతే కచ్చితంగా తగ్గుతుంది.

దూరం విషయంలో మేం పెట్టుకున్న లెక్క ఇది. రోజు ట్రిప్పుకి వెళ్లడానికి రెండు గంటలు దాటకూడదు, రెండు రాత్రులకి నాలుగు. గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్కేయాలి. విమానం గంటే కదా అనుకుంటాం కానీ ముందు రెండు గంటలు, తర్వాత ఒక గంట కలిపితే రైలుతో సమానం అయిపోతుంది, రైల్లోనైతే కనీసం కాళ్లు చాపుకుని పాటలు వినొచ్చు.

కొండలు ఇష్టమైతే ఎత్తు చూసుకోండి. సముద్రమట్టానికి 2,500 మీటర్లు దాటిన చోటికి ఒక్కసారిగా వెళ్తే కొందరికి మొదటి రోజే తలనొప్పి, వికారం, నిద్రలేమి వస్తాయి. ఒంటికి అలవాటు కావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. రెండు రోజుల ట్రిప్పులో అలవాటయ్యే సరికి దిగిపోతారు. అంత ఎత్తు పెద్ద సెలవుకి దాచుకోవాలి. టైమ్ జోన్లు దాటే ప్రయాణాలూ అంతే. ఒక్కో గంట తేడాకి ఉరామరిగా ఒక రోజు వేసుకోవాలి, తూర్పు వైపు వెళ్తే పడమర కంటే ఎక్కువ ఇబ్బంది.

ఇక పెద్ద సెలవు. “ఏడాదంతా ఓర్చుకుందాం, ఒకేసారి మూడు వారాలు వెళ్దాం” అనేవాళ్లు చాలామంది. నెదర్లాండ్స్‌లో యెస్సికా డె బ్లూమ్ బృందం ఇలా సగటున 23 రోజులు సెలవు తీసుకున్న 54 మంది ఉద్యోగుల్ని గమనించింది. వాళ్ల హుషారు సెలవు మొదలవగానే పెరిగి, ఎనిమిదో రోజుకి పతాకస్థాయికి చేరింది. మళ్లీ పనిలో చేరిన మొదటి వారంలోనే పాత స్థితికి వచ్చేసింది. చిన్న బృందమే అయినా, సెలవు నుంచి వచ్చిన బుధవారానికే మళ్లీ అలిసిపోయిన ఎవరికైనా ఇది కొత్త కబురు కాదు. అదే దేశంలో 1,530 మంది మీద జరిగిన ఇంకో పరిశీలన 2010లో వచ్చింది. ట్రిప్పుకి వెళ్లబోయేవాళ్లు ముందునుంచే సంతోషంగా ఉన్నారు. వచ్చాక మాత్రం, చాలా ప్రశాంతంగా గడిచిందన్నవాళ్లలో తప్ప మిగతావాళ్లలో వెళ్లనివాళ్లతో పోలిస్తే తేడా కనిపించలేదు.

దీన్నిబట్టి నేను సెలవు రోజుల్ని ముక్కలు చేయడం వైపే మొగ్గుతాను. పదిహేను రోజులుంటే ఒక ఎనిమిది రోజుల ట్రిప్పు, మిగతావి శనాదివారాలకి ఒక్కో రోజు కలిపి చిన్నవి. ఎదురుచూడడంలో ఉన్న సుఖం కూడా ఎక్కువసార్లు దొరుకుతుంది. దూరాన ఉన్నవాళ్లని చూడాలన్నా, విమానం టికెట్లే బడ్జెట్ తినేసేంత దూరం వెళ్లాలన్నా ముక్కలు కుదరవు, అప్పుడు పెద్దదే. తిరుగు ప్రయాణం మాత్రం సెలవు చివరి రాత్రికి పెట్టుకోవద్దు. మేమోసారి తెల్లవారి నాలుగింటికి ఇల్లు చేరి, తొమ్మిదింటికి ఆఫీసులో కూర్చున్నాం. ఆ వారం ఇద్దరం ఒకరితో ఒకరం సరిగ్గా మాట్లాడుకున్నట్టు గుర్తు లేదు.

ఇద్దరి మాటా కలవకపోతే

ఒకరికి కొండ కావాలి, ఒకరికి మంచం కావాలి. మధ్యేమార్గంగా ఏదో సగం సగం ఎంచుకుంటే ఇద్దరికీ అసంతృప్తే మిగులుతుంది. వంతులు వేసుకోవడం దీనికంటే నయం. ఒక వారం ఒకరిది నిర్ణయం, ఆ వారం ఏర్పాట్లన్నీ కూడా వాళ్లవే. ఈ రెండో సగమే ముఖ్యం. టికెట్లు తనే కొనాలి, బ్యాగు తనే సర్దాలి అని తెలిసినప్పుడు మనిషి కోరికలు వాటంతట అవే చిన్నవవుతాయి, నేనే సాక్ష్యం. రెండోవాళ్లకి ఒక్కసారి “వద్దు” అనే హక్కు ఉంటుంది, సాధింపులు ఉండవు.

కలిసి చేసేది కొత్తదై ఉంటే చిన్నదైనా పనిచేస్తుంది. ఆర్థర్ ఆరన్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో జంటల మణికట్లూ చీలమండలూ కలిపి కట్టి, మధ్యలో దిండు పడిపోకుండా ఇద్దర్నీ నేల మీద పాకించారు. ఏడు నిమిషాల పని. మామూలు పని చేసిన జంటల కంటే ఈ పాకిన జంటలు తర్వాత తమ బంధం గురించి మెరుగ్గా చెప్పుకున్నారు. మీరు పాకక్కర్లేదు. ఎప్పుడూ వెళ్లని వీధిలో నడవడం, ఎప్పుడూ వినని దేశపు సంగీతం ఒక గంట వినడం, చెరొక కొత్త ఆట నేర్చుకుని ఒకరికొకరు నేర్పుకోవడం, ఏదైనా సరే. నవ్వు వచ్చేలా ఇద్దరూ తప్పులు చేసేది అయితే ఇంకా మంచిది.

విడివిడిగా గడపడం కూడా ఒక ఎంపికే. నెలలో ఒక శనివారం ఒకరు నడకకి, ఒకరు నిద్రకి వెళ్తే మునిగిపోయేదేం లేదు, సాయంత్రం చెప్పుకోవడానికి ఇద్దరి దగ్గరా వేర్వేరు కబుర్లుంటాయి.

ఇద్దరిలో ఒకరికి ఆన్‌కాల్ డ్యూటీ, అంటే ఎప్పుడు ఫోన్ వచ్చినా పనిలోకి దిగాల్సిన డ్యూటీ, ఉంటే పైన చెప్పిన వరుస కొంత మారుతుంది. మధ్యలో ఆపినా నష్టం లేనివే ముందుకొస్తాయి. కచేరీ నుంచి లేచి రావాలంటే పదిమందిని దాటాలి, ట్రిప్పు మధ్యలో ల్యాప్‌టాప్ తెరిస్తే ఇద్దరి సెలవూ పోతుంది. అలాంటి వారాంతాల్లో మేం ఇల్లు కదలం. రికార్డు పెట్టుకుంటాం, ఫోన్ మోగితే ముల్లు పైకెత్తి పక్కన పెట్టడానికి రెండు సెకన్లు చాలు.